మౌనభాషయందలి దేశభేదములు

మాటలాడుటకు నాలుక యొక్కటియే సాధనమని మనము సాధారణముగా తలంతుము. కాని యొక దినము బడిలోనో బజారులోనో ఒక మూల నిలిచి జనులను పరికించినచో, నోరు పలుకు మాటలకంటె కన్ను, చేయి, తల, నిలుచు తీరు పలుకు మాటలే యెక్కువయని తెలియగలదు. తల్లి కన్నెఱ్ఱ జేసిన బిడ్డ అల్లరి మానును. వాకిట నిలిచిన చుట్టము చెప్పులు విడిచినంతనే, లోనికి వచ్చునని యింటివారు గ్రహించి కాళ్లకు నీళ్లు తెత్తురు. ఇందులో నొక్క మాటయైన లేదు. ఈ మౌనభాషకు మనము వ్యాకరణము చదువలేదు, నిఘంటువు చూడలేదు, ఉగ్గుపాలతో నేర్చితిమి. అట్లు నేర్చినందుననే యిది లోకమంతటను ఒక్కటియేయని నమ్ముచున్నాము. తెలియని భాష చెవిని బడినపుడు “నాకు తెలియలేదు” అని యొప్పుకొందుము. తెలియని సంజ్ఞ కంట బడినపుడు మాత్రము తెలిసినదనియే తలంచి, దానికి మన యర్థమును తగిలింతుము. చిక్కంతయు నిక్కడనే యున్నది.

ఈ విషయమును విచారించుటకు మన నిజామాబాదు, బోధను ప్రాంతములకంటె తగిన చోటు వేఱొకటి యుండదని నా యభిప్రాయము. పూర్వము ఇందూరని పిలువబడిన యీ సీమలో తెలుగు, ఉర్దూ, మరాఠీ, లంబాడీ భాషలు చిరకాలమునుండి యొకే సంతలో వినబడుచున్నవి. 1923లో ఆరంభింపబడి 1931లో ముగిసిన నిజాంసాగరు కట్టవలన మంజీరానది నీరు పొలములకు పాఱెను. ఆ నీటిని నమ్ముకొని కోస్తా జిల్లాల రైతులు వచ్చి భూములు కొని క్యాంపులు వేసికొనిరి. 1937లో బోధను చెంత శక్కర్‌నగరున నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపబడెను. చెఱకుబండ్ల వరుసలో తమ వంతుకై కాచుకొనినవారిలో ఏ యిద్దరి యింటి భాషయు ఒక్కటి కాకపోవుట వింత గాదు. 2015 డిసెంబరులో ఆ కర్మాగారము మూతబడినను, దాని చుట్టు చేరిన జనులు మాత్రము ఇక్కడనే యున్నారు.

ఒక్క పలకరింపునే చూడుడు. ఇక్కడి పాత రైతు “శనార్థి” యనియో “దండం” అనియో రెండు చేతులు జోడించి నుదుటివఱకు ఎత్తును. కోస్తానుండి వచ్చినవాడు ఱొమ్ము నెదుట చేతులు జోడించి “నమస్కారమండీ” యనును. ఉర్దూ మర్యాద నెఱిగినవాడు కొంచెము వంగి కుడిచేతిని ముఖమువఱకు తెచ్చి “ఆదాబ్” అనును. మరాఠీవాడు “రామ్ రామ్” అని పలుకును. ఇవన్నియు మనకు అలవాటైనవి గనుక పొరపాటు లేదు. కాని లంబాడీ స్త్రీలు చాలకాలమునకు కలిసికొన్న బంధువులను కౌగిలించుకొని రాగము తీసి యేడ్తురు. అది పలకరింపు, ఎడబాటు దుఃఖమును, కలయిక సంతోషమును ఒక్కమాఱే వెళ్లబోయు పద్ధతి. క్రొత్తగా వచ్చినవాడు దానిని విని, తండాలో ఎవరో మరణించిరని తలంచి పరామర్శకు పోయిన ఏమగునో ఊహించుకొనుడు.

ఇక తలయూపు సంగతి. పరదేశీయులు మన దేశమునకు వచ్చినపుడు మొట్టమొదట తడబడునది ఇచ్చటనే. వారి లెక్కకు తల నిలువుగా నూగిన ఔను, అడ్డముగా తిరిగిన కాదు. మనకు మూడవది యొకటి యున్నది. చెవి భుజమువైపు వాలునట్లు తలను అటునిటు మెల్లగా నూపుట. దీనిని చూచినవాడు “కాదనుచున్నాడు” అని నిరాశ చెందును. మనము “సరే” యనుచుందుము. ఒక్కొక్కప్పుడు “వినుచున్నాను, చెప్పుడు” అని మాత్రమే, మఱియొకప్పుడు “ఆహా, ఏమి పాట!” అని.

ఈ మూడవ యూపునకు శాస్త్రము లేదని యెవ్వరైన ననుకొనిన పొరపాటు. నందికేశ్వరుని అభినయదర్పణమున శిరోభేదములు తొమ్మిది చెప్పబడినవి. తలను కుడియెడమలకు త్రిప్పుట ధుతము. లేదనుటకు అది తగును. తలను మీదికిని క్రిందికిని కదలించుట కంపితము. దానికి కోపము, ప్రశ్న, లెక్కించుట, పిలుచుట మున్నగు ప్రయోగములు చెప్పబడినవి. చామరము వీచినట్లు తలను ఇరుప్రక్కలకు ఊపుట పరివాహితము. దానికి మోహము, విరహము, స్తోత్రము, సంతోషము, అనుమోదనము, విచారణ యనునవి ప్రయోగములు. మన బడిపిల్లలు దినమునకు నూఱుమాఱులు చేయు తలయూపు ఇదియే. సంతోషము, సమ్మతి, ఆలోచన యనునవి మూడును ఒకే కదలికలో నిమిడియున్నవని ఆ శాస్త్రకారుడే చెప్పినపుడు, పరదేశి తికమకపడుటలో ఆశ్చర్యమేమి? ఈ గ్రంథమును ఆనందకుమారస్వామితో కలిసి 1917లో ఇంగ్లీషులోనికి తెచ్చినవాడు మన తెలుగువాడే. తరువాత 1921 నాటి చీరాల–పేరాల యుద్యమమును నడిపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు.

డార్విను పండితుడు కూడ ఈ తలయూపును గూర్చి చాల శ్రద్ధ వహించెను. 1867లో ఆయన కొన్ని ప్రశ్నలను అచ్చువేయించి, నానాదేశములందున్న ఉద్యోగులకును మిషనరీలకును పంపెను. ఔననుటకు తలను నిలువుగాను, కాదనుటకు అడ్డముగాను ఊపుదురా యనునది వానిలో నొకటి. వచ్చిన ప్రత్యుత్తరములను చేర్చుకొని 1872లో భావప్రకటనమును గూర్చి యొక గ్రంథమును ప్రకటించెను. శిశువు పాలు వలదన్నప్పుడు ముఖమును ప్రక్కకు త్రిప్పుకొనును గదా, అడ్డపు తలయూపు అందుండి పుట్టియుండునని ఆయన యూహ. అది నిజమైనను కావచ్చును. కాని బల్గేరియా దేశమున మనకు విపరీతముగా, తలను మీదికెగురవేసిన కాదనియు, ప్రక్కల కూపిన ఔననియు అర్థము. గ్రీసు దేశమునను తలను వెనుకకు ఎగురవేయుట కాదనుటయే. శిశువు అన్ని దేశములందును ఒక్కటియే. పెంచిన తల్లులు వేఱు.

ఇది నవ్వుకొని విడిచిపెట్టదగిన సంగతి కాదు. వైద్యుడు రోగిని చూచి, “ఈ మందు దినమునకు మూడుమాఱులు పుచ్చుకొందువా?” యని యడుగును. రోగి తల వాల్చి యూపును. “తమరు చెప్పినది వింటిని” అని వాని భావము. పెద్దల యెదుట “తెలియలేదు” అని నోట ననుట మర్యాద గాదని వాని నమ్మకము. వైద్యుడు సమ్మతియని వ్రాసికొనును. మందుసీసా గూటిలో నుండును, రోగము ఒంటిలో నుండును. తరగతిలోను అంతియే. “తెలిసినదా?” యనగానే నలువది తలలు పరివాహితమున నూగును. నేను ఇరువది యేండ్లు ఆ తలలను నమ్మి లెక్కలు చెప్పితిని. ఇప్పుడు తలలను నమ్ముట మాని పలకలను చూచుచున్నాను.

కన్నులను గూర్చి చెప్పవలసివచ్చినపుడు నాకు ఒక పాతసంగతి స్మృతికి వచ్చును. చెప్పుటకు సిగ్గుగా నున్నను చెప్పెదను. నేను ఉపాధ్యాయవృత్తిలో చేరిన క్రొత్తలో నేనున్న పాఠశాలకు సముద్రముల కావలినుండి ఒక ఉపాధ్యాయిని వచ్చియుండెను. పిల్లలనిన ఆమెకు ప్రేమ, కపటమెఱుగదు. ఒకనాడు ఆమె కలము కనబడలేదు. తరగతిలో చివర నుండిన చెఱకుతోటల పల్లె బాలుని పిలిచి, “నీవు చూచితివా?” యని యడిగెను. వాడు చేతులు కట్టుకొని, తల వంచి, నేలచూపు చూచుచు, వినబడీ వినబడనట్లు “లేదు” అనెను. ఆమె “నా కన్నులలోనికి చూచి చెప్పుము” అనెను. వాడు ఇంకను తల వంచెను. గద్దించి యడుగగా పెదవులపై చిన్ననవ్వు వచ్చెను. భయము, సిగ్గు ముప్పిరిగొన్నపుడు మన పిల్లలకు వచ్చు నవ్వు అది. ఆమె దేశమున నిజము చెప్పువాడు ఎదుటివాని కన్నులలోనికి చూచును. చూపు తప్పించుకొనువాడు దోషి. దానిపై నవ్వుట సిగ్గుమాలినతనము. మన పల్లెలో పెద్దలు అడుగుచుండగా కన్నులలో కన్నులుంచి చూచువాడే పొగరుబోతు. వాడు తనకు తెలిసిన మర్యాదలన్నియు ఒకదానిపై నొకటి చూపినకొలదియు ఆమెకు వాని నేరము అంతకంతకు రూఢి యగుచుండెను.

మఱునాడు తండ్రి వచ్చెను. వాకిటనే చెప్పులు విడిచి, భుజముపైని కండువాను తీసి చంకనిడుకొని, చేతులు జోడించి, “తప్పు జేస్తే కొట్టుండ్రి అమ్మా, బడికెళ్లి ఎళ్లగొట్టకుండ్రి” అనెను. కొడుకు దొంగయని ఆతడు ఒప్పుకొనలేదు. పెద్దల యెదుట వాదింపరాదని మాత్రమే యెఱుగును. ఆమె ఆ మాటలను ఒప్పుకోలుగా గ్రహించెను. ఇంతవఱకును తప్పు ఆమెదనియే మీకు తోచును. కాని ఆ గదిలో నేనును ఉంటిని. ఆ బాలుని వంచిన తలకు అర్థమేమో, ఆ తండ్రి చంకలోని కండువాకు అర్థమేమో నాకు బాగుగా తెలియును. “ఏమందురు?” అని ఆమె నావైపు చూచినపుడు, నాకంటె వయస్సునను ఉద్యోగమునను పెద్దదను సంకోచముతో నేనును చేతులు కట్టుకొని తల వంచి యూరకుంటిని. నా మౌనమును ఆమె సమ్మతియనుకొనెను. వారము గడచిన పిదప కలము హాజరుపట్టీ అట్టలో దొరకెను. ఆమె కన్నీరు పెట్టుకొని బాలునికి కబురంపెను. కాని అప్పటికే వాడు తండ్రితోపాటు చెఱకు నఱుకుటకు పోవుచుండెను. తిరిగి బడికి రాలేదు. ఆమెకు తెలియక జరిగినది. నాకు తెలిసి జరిగినది.

చేతిసంజ్ఞలలో భేదములు లెక్కకు మించియున్నవి. కొన్నిటిని మాత్రము స్పృశించెదను. మనము ఒకరిని పిలుచునపుడు అరచేతిని నేలవైపునకు త్రిప్పి వ్రేళ్లు కదలింతుము. ఇంగ్లీషువారికి అది కొంత “పొమ్ము” అన్నట్లుండును. వారు అరచేతిని మీదికి త్రిప్పి యొక్క వ్రేలితో పిలుతురు. అట్లు పిలిచిన మన పెద్దలు అవమానము పొందుదురు. వారికి బొటనవ్రేలు ఎత్తుట బాగున్నదనుట. ఉర్దూలో “అంగూఠా దిఖానా” అనిన ఆశపెట్టి యీయకపోవుట, మొండిచేయి చూపుట. ఇరానుదేశమున అది పాతకాలపు తిట్టు. మనము బొటనవ్రేలితో కణుపులను తాకుచు ఒక్కొక్క వ్రేలికి మూడు చొప్పున లెక్కింతుము గనుక, నాలుగు వ్రేళ్లలో పండ్రెండు వచ్చును; వ్రేళ్లనే లెక్కించు ఐరోపావారికి ఒక్క చేతిలో ఐదే. 1941లో ఇంగ్లండున రెండు వ్రేళ్లు చాచి చూపుట విజయసంజ్ఞగా ప్రచారమునకు వచ్చెను. చర్చిలు మంత్రి ఆ రెండు వ్రేళ్లతో తీయించుకొన్న ఛాయాచిత్రములను మన పల్లెబడి పిల్లవాడు చూచినచో, “అయ్యో, పాపము, ఈ పెద్దమనిషిని పంతులుగారు ఇంకను బయటికి పంపలేదే!” యని జాలిపడియుండును.

మాట తెలియనివారి నడుమ చేయి ఎట్లు భాషయగునో చూడదలచినవారు పశువుల సంతకు పోవలెను. ఎద్దుల బేరమున కొనువాడును అమ్మువాడును, లేదా వారి దళారులును, చేతులపై కండువా కప్పుకొని దాని చాటున వ్రేళ్లు పట్టుకొని ధర చెప్పుకొనుట మన దక్కనులో పాత యాచారము. పట్టిన వ్రేళ్ల సంఖ్యయే అంకె. అది పదులో, వందలో, వేలో ఎద్దును చూచిన ఇరువురకును తెలియును. చుట్టును మూగినవారికి ఏమియు తెలియదు. ఒకని ధర మఱియొకనికి తెలియకుండుటయు, కోపపు మాట నోట రాకుండుటయు, తెలుగువాడును మరాఠీవాడును దుబాసీ లేకయే బేరము ముగించుటయు దీనివలని లాభములు. ముఖము మాత్రము ఏమియు ఎఱుగనట్లుండవలెను. నేను చిన్ననాట మేనమామవెంట పోయి చూచితిని. కండువా క్రింద ఏమి జరిగినదో తెలిసికొనవలెనని ఎంత ప్రయత్నించినను తెలియలేదు. తిరిగి వచ్చునపుడు అడుగగా, మామ నా వ్రేళ్లు పట్టి నొక్కి నవ్వెను.

నాలుకతో చేయు చప్పుడును మాట గాదు గనుక ఇందులోనిదే. మనము ఇతరుల కష్టము విన్నపుడు నాలుకను పండ్లకు తగిలించి “చ్చు చ్చు” అందుము, అది జాలి. ఇంగ్లీషువారు సరిగా నట్టి చప్పుడే మందలింపునకు వాడుదురు. మరణవార్త వినిన పరదేశియింట మన అవ్వ ఆ చప్పుడు చేసిన వారు ఏమనుకొందురో! అట్లే, ఉపకారము పొందినపుడు మనము మాటతో కృతజ్ఞత చెప్పుట తక్కువ. ఇంటివారి నడుమ చెప్పినచో పరాయివారిని చేసినట్లు నొచ్చుకొందురు. కన్నుల నీరు, జోడించిన చేతులు, తరువాత నొకనాడు వాకిటికి వచ్చి చేరు గుమ్మడికాయ — ఇవియే మన రసీదులు. మాటకై కాచుకొన్నవాడు మనలను కృతఘ్నులని వ్రాసిపెట్టును.

గౌరవమును చూపు విధమున తలకును కాళ్లకును నడుమ గొప్ప వివాదము కలదు. ఐరోపావాడు గౌరవముతో టోపీ తీయును, బూట్లు తీయడు. మనము చెప్పులు తీయుదుము. నిజాము దర్బారులో తలపై దస్తారు, నడుమున బగ్లూసు లేనివాడు ప్రభువు నెదుటికి పోరాదను నియమ ముండెను. మన తెలుగు క్రైస్తవ దేవాలయములలో పెక్కింట చెప్పులు వాకిట నుండును, స్త్రీల కొంగు తలపై నుండును. రెండు లోకముల మర్యాదలును అచ్చట కలిసి కాపురము చేయుచున్నవి. ఈ వివాదము ఒకప్పుడు రాజకీయము వఱకు పోయినది. 1869వఱకు హైదరాబాదులోని ఇంగ్లీషు రెసిడెంటు నిజాము దర్బారున బూట్లు విడిచి నేలపై కూర్చుండుట ఆచారము. ఆ యేట అఫ్జలుద్దౌలా మరణించి, మూడేండ్లైనను నిండని మహబూబ్ అలీఖాను గద్దె నెక్కినపుడు, రెసిడెంటు సాండర్సు తాను బూట్లు విడువననియు, కుర్చీపైననే కూర్చుందుననియు పట్టుపట్టి నెగ్గెను. దర్బారువారికి అది ఇంటి గడపను త్రొక్కినట్లు తోచెను. రెసిడెంటునకు తన రాణి గౌరవము నిలిచినట్లు తోచెను. ఒకరి యాచారము ఒకరికి తెలియక వచ్చిన తగవు గాదది. ఇరువురకును బాగుగా తెలియును. తెలిసియే పోరాడిరి.

కావున సంజ్ఞలన్నియు ఆచారభేదములేయని చెప్పి తప్పించుకొనుట నాకు సమ్మతము గాదు. కొన్ని సంజ్ఞలు మర్యాద వేషమున నున్న బలవంతములు. హైదరాబాదు సంస్థానమున దొరల గడీ ముందు నడచునపుడు పేదవాడు చెప్పులు చేత బట్టుకొని పోవలసియుండెను. “బాంచన్ దొరా, కాల్మొక్త” అనుచు వంగవలసియుండెను. పైనుండి చూచు దొరకు అది భక్తివలె కనబడెను. 1940వ పడిలో రైతులు తిరుగబడినపుడు గాని అది భక్తి కాదని తెలియలేదు. 1949లో జాగీరులు రద్దయ్యెను. దాహమని వచ్చినవానికి పాత్ర నీయక, దోసిలి పట్టించి ఎత్తునుండి నీరు పోయుటయు, కూలిడబ్బులు చేతికీయక నేలపై వేయుటయు అట్టివే. ఇందులో తిట్టు లేదు, కటువైన మాట లేదు. కొలిచినట్లు విడిచిన దూరము మాత్రమున్నది. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణమున అంటరానితనమును రద్దుచేసినది. చట్టము మాటలను పట్టుకొనగలదు గాని, నీరు పోయు చేతి యెత్తును ఎట్లు పట్టుకొనును? అది మన కన్నులే చూడవలెను.

ఈ దూరమును గూర్చి శాస్త్రముగా వ్రాసినవాడు అమెరికా పండితుడు ఎడ్వర్డు హాలు. 1966లో ప్రకటించిన గ్రంథమున ఆయన తన దేశస్థుల దూరములను అంగుళములలో కొలిచిచూపెను. 18 అంగుళముల లోపల ఆత్మీయులు, 4 అడుగుల వఱకు స్నేహితులు, 4 మొదలు 12 అడుగుల వఱకు వ్యవహారము, ఆపైన సభ. అరబ్బులు మాటలాడునపుడు మిక్కిలి దగ్గఱగా నిలుతురనియు, అమెరికావారు వెనుకకు జరుగుదురనియు, ఒకరు తఱుముట, ఒకరు తప్పించుకొనుట యగుననియు ఆయన చెప్పెను. మన బోధను బస్సులో ఆ కొలతలు నిలువవని వేఱుగ చెప్పనక్కఱలేదు. బస్సులో ఒకరి ఒడిలో నొకరు కూర్చుండు మనమే ఊరిలోని కొన్ని వీధుల మధ్య గజములకొలది దూరము నుంచితిమి.

స్పర్శ ఎంత గట్టిగా మాటలాడునో డిచ్‌పల్లి చరిత్రము తెలుపును. స్కాట్లండునుండి భర్తతో 1907లో ఈ సంస్థానమునకు వచ్చిన వైద్యురాలు ఇసబెల్ కెర్ దొరసాని, నిజామాబాదులో కుష్ఠరోగుల చికిత్స నారంభించెను. రాజా నర్సాగౌడుగారి ధనసహాయముతో 1915లో డిచ్‌పల్లిలో ఆసుపత్రి వెలసెను. ఊరివారు రాళ్లు రువ్వునంత దూరమున నుంచిన రోగికి, నాడిని చూచుటకై చాచిన చేయి ఏ భాషలో నేమి చెప్పియుండునో అనువదింప నక్కఱలేదు.

ఇంతకును ఈ భేదములు రక్తములో పుట్టినవా, పెంపకములో వచ్చినవా? ఈ ప్రశ్న ఒకప్పుడు ప్రాణాంతకమైనది. జర్మనీలో నాజీలు చేతులాడించు తీరును కూడ జాతిలక్షణముగా చెప్పుచుండిన దినములలో, డేవిడ్ ఎఫ్రాన్ అను పండితుడు న్యూయార్కు నగరమున స్థిరపడిన ఇటలీవారిని, తూర్పు ఐరోపా యూదులను వీధులలో పరికించి, 1941లో తన ఫలితములను ప్రకటించెను. క్రొత్తగా వచ్చినవారి చేష్టలు రెండు జాతులలో రెండు విధములుగా నుండెను; అచ్చటి జీవనములో కలిసిపోయిన వారి సంతతి చేష్టలలో ఆ భేదము చాలవఱకు పోయెను. రక్తము మాఱలేదు, వీధి మాఱినది. దీనికి నిదర్శనము మన క్యాంపులలోనే కలదు. కోస్తానుండి వచ్చిన తాత ఱొమ్మువద్ద చేతులు జోడించును. ఇక్కడ పుట్టిన మనుమడు స్నేహితుని చూచి ఎఱుగకయే కుడిచేయి నుదుటికి తెచ్చి సలాము చేయును.

ముఖభావముల సంగతి కొంచెము వేఱు. 1960వ పడి చివర పాల్ ఎక్మన్ న్యూగినీ దీవిలోని కొండజాతివారికి ముఖచిత్రములను చూపి, సంతోషము, దుఃఖము, కోపము, భయము మొదలగువానిని వారును గుర్తింపగలరని చెప్పెను. ఈ నిర్ణయమును ఇటీవలి పండితులు కొందఱు గట్టిగా ఆక్షేపించుచున్నారు, చర్చ ముగియలేదు. కాని ముఖము అందఱికి నొక్కటియైనను దానిని ఎవరి యెదుట ఎంత చూపవలెనను కట్టుబాటు దేశమును బట్టి మాఱునన్నది మాత్రము తెలియుచున్నది. జపాను, అమెరికా విద్యార్థులకు జుగుప్సాకరమైన చలనచిత్రమును చూపగా, ఒంటరిగా నున్నపుడు ఇరువురి ముఖములును ముడిచికొనెను. పెద్దవాడొకడు వచ్చి ప్రక్కన కూర్చుండినపుడు జపానువారు చిఱునవ్వుతో దానిని కప్పిపుచ్చిరి. మన చెఱకుపల్లె బాలుని నవ్వు ఆ నవ్వునకు దగ్గఱి చుట్టము.

విద్యార్థులారా, ఈ వేసవి సెలవులలో మీరొక పని చేయుడు. మీ యింటను, మీ ఊరి సంతలోను, బస్సులోను కనబడు సంజ్ఞలను పదింటిని ఒక కాగితముపై వ్రాయుడు. ఏ సంజ్ఞ, ఎవరు ఎవరికి చేసిరి, చూచినవాడు ఏమి చేసెను అను మూడు సంగతులు చాలును. అర్థమును వెంటనే వ్రాయవలదు. తరువాత ఆ సంజ్ఞ చేసినవారినే అడిగి అర్థము వ్రాయుడు, మీరూహించినదానితో పోల్చిచూడుడు. లంబాడీ తండాలనుండియు, మరాఠీ సరిహద్దు గ్రామములనుండియు వచ్చు పిల్లలు తప్పక వ్రాయవలెను; మీవద్ద నున్నది మాయొద్ద లేదు. తల్లిదండ్రులు సహాయము చేయవచ్చును. బడి తెఱచిన మొదటి వారములో కాగితములు నాకిచ్చినచో, మంచివానిని ఏర్చి వచ్చు సంవత్సరపు సంచికలో ప్రకటింతుము.